వీలునామాలో ఊరి చెరువుకూ ఒక వాటా

భూమి పంపకాలు జరిగినప్పుడు ముందుగా పోయేది గట్టు మీది చెట్టు. చెట్టు ఎవరి వాటాలో పడిందో తేలదు. నీడ పడి పైరు దెబ్బతింటుందని ఒకరంటారు, వేరు తన మడిలోకి వచ్చిందని ఇంకొకరంటారు. చివరకు కోత మిల్లు వాడిని పిలిచి బేరం పెట్టి, వచ్చిన డబ్బు పంచుకుంటారు. తాత నాటిన చింత, తండ్రి పెంచిన కానుగ ఒక్క పూటలో నేలకూలతాయి. ఊరి చెరువుదీ ఇదే వరస. అందరిదీ కనుక ఎవరిదీ కాదు. పూడిక తీసేవారుండరు, వాగు నుంచి చెరువులోకి నీరు తెచ్చే కాలువకు దిక్కుండదు.

మనం పోయాక కూడా చెట్టూ చెరువూ నిలవాలంటే బతికుండగానే రాతపూర్వకంగా ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. దానికి మార్గం వీలునామా. వీలునామా అనగానే పెద్ద ఆస్తిపరుల వ్యవహారం అనుకుంటాం. రెండెకరాల రైతు కూడా తెల్లకాగితం మీద వీలునామా రాసుకోవచ్చు. అందులో భార్యాబిడ్డలకు ఇవ్వవలసింది ఇచ్చి, కొద్దిపాటి భాగం చెరువుకో, చెట్లకో, పర్యావరణం కోసం పనిచేసే సంస్థకో రాయవచ్చు. ఎలా రాస్తే చెల్లుతుంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నది ఈ వారం తెలుసుకుందాం.

కొత్త సంగతేమీ కాదు

మన పెద్దలు సప్త సంతానాలని చెప్పారు. చెరువు, వనం, గుడి, అగ్రహారం, నిధి, కావ్యం, కొడుకు. కన్న కొడుకుతో సమానంగా చెరువునూ తోటనూ లెక్కపెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించినప్పుడు వేయించినది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళకు చెరువు పూర్తయిందని అందులో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. రాజ్యాలు పోయినా ఆ రాత నిలిచింది.

బయటి దేశంలోనూ మనకు పనికొచ్చే ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో పిల్లల కథలు రాసి పేరు తెచ్చుకున్న బియాట్రిక్స్ పాటర్ అనే రచయిత్రి, పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో కొండ ప్రాంతంలో పొలాలు కొన్నది. గొర్రెలు పెంచింది. 1943లో చనిపోతూ 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వీలునామాలో రాసిపెట్టింది. భూమి ఇచ్చి ఊరుకోలేదు. ఆ పొలాలను కౌలు రైతులే చేసుకోవాలనీ, ఆ ప్రాంతపు నాటు జాతి హెర్డ్‌విక్ గొర్రెలనే అక్కడ పెంచాలనీ కోరింది. మన దగ్గర నెల్లూరు జుడిపి, దక్కనీ గొర్రెల వంటివే ఆ హెర్డ్‌విక్‌లు. నేటికీ అక్కడ ఆ మందలు ఉన్నాయి. ఆమెవి వేల ఎకరాలు, మనవి సెంట్లు, గుంటలు. కానీ గమనించవలసినది ఒకటే. ఇచ్చినది ఎవరికి, దేనికి అన్నది ఆమె స్పష్టంగా రాసింది.

ముందు ఇల్లు, తరువాతే ఊరు

తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం అన్నారు. చిన్న రైతు ఈ సామెతను మరువకూడదు. వీలునామా రాసేముందు ఒక కాగితం తీసుకుని మూడు లెక్కలు వేసుకోండి.

ఒకటి, అప్పులు. సహకార సంఘం బాకీ, బ్యాంకు పంట రుణం, చేబదుళ్ళు అన్నీ రాయండి. మనిషి పోయాక ఆస్తిలోంచి ముందు తీరేవి అప్పులే. కానుకలు ఆ తరువాతే.

రెండు, మీ మీద ఆధారపడినవాళ్ళు. భార్య, పెళ్ళికాని పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, పని చేయలేని బిడ్డ ఉంటే వారి తిండికీ నీడకూ చాలినంత తీసి పక్కన పెట్టండి.

మూడు, నిజంగా మీది ఎంత? స్వార్జితం అయితే మీ ఇష్టం. పిత్రార్జితంలో మీ వాటా వరకే మీరు రాయగలరు. 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన వాటాను హిందువు వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. అయితే 2005 సవరణ తరువాత ఆ ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమాన హక్కు ఉంది. ఆడపిల్లల వాటాను కూడా తనదే అనుకుని రాస్తే ఆ మేరకు చెల్లదు.

ముస్లిం సోదరులు అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదానిలో మూడో వంతు వరకే ఇతరులకు రాయవచ్చు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. క్రైస్తవులు దగ్గరి బంధువులుండగా ధర్మకార్యాలకు రాయడానికి పూర్వం గట్టి ఆంక్షలుండేవి. 2003లో సుప్రీం కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది.

ఏ భూమి రాయకూడదు?

చెరువు శిఖంలో సాగు చేసుకుంటున్న ప్రభుత్వ భూమి, పోరంబోకు, బంచరాయి మీవి కావు. ఎన్నేళ్ళు దున్నినా వీలునామాలో రాయడానికి లేదు. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములకు 1977 నాటి చట్టం ఉంది. ఏజెన్సీ భూములకు 1/70గా పేరుపడిన నిబంధనలున్నాయి. ఇలాంటి భూమి వారసులు కానివారికి రాయదలిస్తే ముందుగా తహసీల్దారు కార్యాలయంలోనూ, తెలిసిన వకీలు వద్దా కనుక్కోండి. అడగకుండా రాస్తే పిల్లలకు తగాదా మిగులుతుంది.

ఏమి ఇవ్వవచ్చు?

ఇచ్చే పద్ధతులు నాలుగున్నాయి.

1. ఇంత సొమ్ము అని అంకె రాయడం. ఇది సులువు. కానీ నేడు పదివేలంటే ఉన్న విలువ ఇరవై ఏళ్ళకు ఉండదు.

2. ఇన్నో వంతు అని రాయడం. నూటికి ఐదు, నూటికి పది ఇలా. ఆస్తి పెరిగితే కానుక పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది. ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది రాదు. చిన్న రైతుకు ఇదే మేలు.

3. అందరికీ పంచగా మిగిలినది రాయడం. పిల్లలు లేనివారికి, పిల్లలు స్థిరపడినవారికి ఇది నప్పుతుంది.

4. ఎవరూ మిగలని పక్షంలో అని రాయడం. భార్య, పిల్లలు తనకంటే ముందే పోతే ఆస్తి ఫలానా సంస్థకు చెందాలని రాయవచ్చు.

విత్తనం సంగతి వేరు. నాటు విత్తనాలను వీలునామాలో రాసి లాభం లేదు. విత్తనం ఏటేటా పెడితేనే బతుకుతుంది. అది బతికుండగానే పదిమంది రైతుల చేతుల్లో పెట్టండి.

చెట్ల విషయంలో చాలామంది పడే పొరపాటు

"పొలం మా అబ్బాయికి ఇస్తున్నాను, గట్టు మీది చింతలు మాత్రం కొట్టరాదు" అని రాస్తే సరిపోతుందని అనుకుంటారు. ఇది నిలవడం కష్టం. ఆస్తిని పూర్తి హక్కులతో ఇచ్చాక, దాన్ని ఇలాగే అనుభవించాలని పెట్టే షరతు కోర్టులో సాధారణంగా నిలబడదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. కానీ అడిగినవారికి అనుమతి దొరకవచ్చు.

దీనికి మార్గం ఏమిటంటే, చెట్లున్న ముక్కను విడదీయడం. ఉదాహరణకు ఒక రైతుకు రెండున్నర ఎకరాల స్వార్జితం ఉందనుకుందాం. చెరువు కాలువను ఆనుకుని పది సెంట్లలో, అంటే నాలుగు గుంటల్లో, చింత, కానుగ, వేప చెట్లున్నాయి. ఆ పది సెంట్లు ఎలాగూ సేద్యానికి అంతగా పనికిరావు. మిగిలిన రెండెకరాల నలభై సెంట్లు కొడుక్కీ కూతురికీ రాసి, ఈ పది సెంట్లు కొలిపించి, హద్దురాళ్ళు పాతించి, విడిగా చూపి, చెట్ల పెంపకం కోసమని సంస్థకో పంచాయతీకో రాయవచ్చు. ఆ ముక్కకు పోవడానికి దారి ఎటువైపో కూడా రాయాలి. దారి రాయకపోతే కొడుకుకూ సంస్థకూ గొడవ ఖాయం.

భార్యకు జీవితాంతం, తరువాత సంస్థకు

"నా భార్య బతికినంతకాలం అనుభవించి, ఆమె తదనంతరం ఫలానా సంస్థకు చెందాలి" అని కొందరు రాస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. భార్య మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి, కాగితంలో జీవితకాలానికే అని ఉన్నా, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. అలా మారితే ఆమె దాన్ని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. అది ఆమెకు న్యాయమే. కనుక ఇలాంటి ఏర్పాటు చేయదలిస్తే వకీలు చేత రాయించండి. లేదా భార్య వాటా భార్యకు పూర్తిగా ఇచ్చి, సంస్థ భాగం విడిగా రాయండి. భార్యకు కూడా ఇష్టమైతే ఆమె తన వీలునామా తాను రాసుకోవచ్చు.

ఎవరికి ఇవ్వాలి?

"పర్యావరణానికి", "చెట్లకు" అని ఊరికే రాయకండి. తీసుకునేవారి పేరు ఉండాలి. ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

సంస్థ అయితే సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు అయి ఉండాలి. పూర్తి పేరు, రిజిస్టరు నంబరు, చిరునామా అడిగి రాసుకోండి. గత మూడేళ్ళ జమాఖర్చులు చూపించమనండి. చూపించడానికి వెనుకాడే సంస్థ మనకు వద్దు. వారు నాటిన చెట్లు, తీసిన పూడిక స్వయంగా వెళ్ళి చూడండి. నాటినప్పటి ఫోటో కాదు, మూడో వేసవి దాటాక ఎన్ని మొక్కలు బతికాయో చూడండి.

గ్రామ పంచాయతీకి తన పేరున ఆస్తి ఉంచుకునే హక్కు చట్టరీత్యా ఉంది. అయితే సర్పంచి మాట ఒక్కటే చాలదు. సర్పంచులు మారతారు. తీసుకోవడానికి సమ్మతమని పంచాయతీ తీర్మానం ఉంటే మంచిది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో ఏర్పడవలసిన జీవవైవిధ్య యాజమాన్య సంఘం మీ ఊళ్ళో పనిచేస్తుంటే వారితోనూ మాట్లాడండి.

భూమి ఇవ్వదలిస్తే "మీరు తీసుకోగలరా, చూసుకోగలరా" అని ముందే అడగండి. చిన్న సంస్థలకు దూరాన ఉన్న నాలుగు గుంటలు చూసుకోవడం భారం. వారికి డబ్బే మేలు కావచ్చు. కానుక మరీ చిన్నదైతే దాచి వడ్డీతో పని చేయమనడం కన్నా ఒక్కసారే ఖర్చుపెట్టమనడం నయం. ఇరవై వేలకు నూటికి ఆరు వడ్డీ అనుకుంటే ఏడాదికి పన్నెండు వందలు వస్తుంది. దానితో జరిగే పని కొద్ది. అదే ఇరవై వేలు ఒకేసారి కాలువ బాగుకు వాడితే నాలుగు మడులకు నీరందుతుంది.

వీలునామా రాసే పద్ధతి

పద్దెనిమిదేళ్ళు నిండి, తెలివిలో ఉన్న ఎవరైనా రాయవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు. భాష తెలుగే చాలు.

ఇందులో ఉండవలసినవి: మీ పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, వయసు, తేదీ. ఇది నా చివరి వీలునామా, పాతవన్నీ రద్దు అనే మాట. ఆస్తుల వివరం, భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఎవరికి ఏది అన్న వివరం. అమలు జరిపే మనిషి పేరు. ఈ అమలుకర్త మీకంటే వయసులో చిన్నవాడు, నమ్మకస్తుడు అయి ఉండాలి.

1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు అది చూసి, మీ ఎదుట తాము సంతకం చేయాలి. ఆస్తి పొందేవారిని, సంస్థ వారిని సాక్షులుగా పెట్టకండి. చట్టం కొందరి విషయంలో అలాంటి కానుకను చెల్లకుండా చేస్తుంది. మిగతావారి విషయంలోనూ అనుమానానికి తావిస్తుంది. రేపు తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది. కనుక వయసులో చిన్నవాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి. పెద్ద వయసువారు, జబ్బు మనుషులు డాక్టరు వద్ద తెలివిలో ఉన్నట్లు రాయించుకుని జతపరచడం మంచిది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయించుకుంటే పోతుందనీ, మార్చేస్తారనీ భయం ఉండదు. స్టాంపు సుంకం లేదు, కొద్దిపాటి ఫీజు మాత్రమే. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకునే సౌకర్యమూ ఉంది.

మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎన్ని రాసినా చివరిదే చెల్లుతుంది.

నమూనా

"నా తదనంతరం, నా అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలిన నా రొక్కం, బ్యాంకు డిపాజిట్లలో నూటికి ఐదు వంతులు ........ (సంస్థ పూర్తి పేరు, రిజిస్టరు నంబరు, చిరునామా) వారికి చెందవలెను. ఆ సొమ్మును మా ఊరి చెరువు, కాలువల బాగుకూ, చెరువు పరిసరాల్లో చెట్ల పెంపకానికీ వాడవలెను. నా మరణం నాటికి ఆ సంస్థ లేకపోయినా, తీసుకొనుటకు ఇష్టపడకపోయినా ........ వారికి చెందవలెను. వారూ లేనిచో ఆ భాగం నా భార్యకు చెందవలెను."

రెండో పేరు రాయడం మరువకండి. ఇరవై ఏళ్ళలో ఎన్నో సంస్థలు మూతపడతాయి.

రైతుల సందేహాలు

ప్రశ్న: బతికుండగానే దానపత్రం రాసిస్తే పని తేలిక కదా?

జవాబు: భూమి దానపత్రం తప్పక రిజిస్టరు చేయించాలి, స్టాంపు సుంకం కట్టాలి. ఒకసారి ఇచ్చి వారు స్వీకరించాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి లేదు. భూమి మీదే బతికే చిన్న రైతు తొందరపడకూడదు. వీలునామా అయితే ప్రాణమున్నంతవరకు భూమి మీదే.

ప్రశ్న: బ్యాంకులో నామినీగా నా కొడుకు పేరుంది. వీలునామాలో సంస్థకు కొంత రాస్తే చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. నామినీ సొమ్ము తీసుకునే మనిషే గానీ సొంతదారు కాడు. తీసుకున్నాక వీలునామా ప్రకారం హక్కుదార్లకు ఇవ్వాలి. ఈ సంగతి కొడుకుకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నేను పోయాక సంస్థ పేరున భూమి ఎలా మారుతుంది?

జవాబు: అమలుకర్త గానీ సంస్థ గానీ మరణ ధ్రువపత్రం, వీలునామా జతచేసి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టాలి. వారు విచారణ జరిపి రికార్డు మారుస్తారు. తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టం కింద ఇది జరుగుతుంది. మన జిల్లాల్లో హిందువుల వీలునామాకు కోర్టు నుంచి ప్రొబేటు తెచ్చుకోవడం తప్పనిసరి కాదు. వారసులు అభ్యంతరం చెబితే మాత్రం సివిల్ కోర్టులో తేల్చుకోవాలి.

ప్రశ్న: వకీలుకు ఇచ్చుకోలేను. ఎవరిని అడగాలి?

జవాబు: కోర్టు ఆవరణలో ఉండే జిల్లా, మండల న్యాయసేవాధికార సంస్థలను అడగండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోను నంబరు 15100.

ఇంట్లో చెప్పండి

వీలునామా రాసి పెట్టెలో దాచి ఊరుకుంటే సగం పనే అయినట్లు. తండ్రి పోయిన పదో రోజున కాగితం బయటపడి, అందులో ఎవరో సంస్థ పేరు కనబడితే పిల్లలు ఉలిక్కిపడతారు. ఎవరో మాయ చేసి రాయించారని అనుకుంటారు. తగాదాలు అక్కడే పుడతాయి. కనుక ఒక పూట ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఏమి రాశారో, ఎందుకు రాశారో చెప్పండి. మీ నోటితో విన్న మాటను పిల్లలు అంత తేలిగ్గా కాదనలేరు. కొడుకు కోడలు వద్దంటే వారి కష్టమేమిటో వినండి. అవసరమైతే వాటా తగ్గించండి. నూటికి ఐదు కాకపోతే రెండు రాయండి.

అసలు కాగితం ఎక్కడుందో అమలుకర్తకు తెలియాలి. ఒక నకలు సంస్థకు ఇవ్వండి. భూమి కొన్నా అమ్మినా, ఇంట్లో పెళ్ళి అయినా, ఎవరైనా పోయినా వీలునామా తీసి ఒకసారి చదువుకోండి. ఈ ఎండాకాలం పనులు తక్కువగా ఉన్న రోజుల్లో పాసు పుస్తకం, అప్పుల లెక్క ముందేసుకుని కూర్చుంటే చాలు, సగం వీలునామా తయారైనట్లే.